కత్తిరించిన కొమ్మలలో పైరుకు రక్షణ

చేవగల టేకు దూలము తరతరములు నిలుచుననియు, అదే మ్రాని పైపొర కఱ్ఱ కొలది ఏండ్లకే పుచ్చిపోవుననియు గ్రామములలో అందరు ఎరిగినదే. ఈ భేదమునకు కారణమేమి? చెట్టు తన చేవలో బూజును, పురుగును ఎదిరించు ద్రవ్యములను నింపుకొనును. కలప కోయగా మిగిలిన పొట్టు, బెరడు, కత్తిరించిన కొమ్మలు మొదలగువానిలో ఇట్టి ద్రవ్యములు కొంత నిలిచియుండును. వానిని వెలికితీసి పైరుల తెగుళ్లపై ప్రయోగించుటకై శాస్త్రజ్ఞులు కృషి చేయుచున్నారు.

ద్రాక్ష ఇందుకు మంచి ఉదాహరణము. తెగులు సోకినప్పుడు ద్రాక్ష ఆకు రెస్వెరట్రాల్ అను ద్రవ్యమును తానే తయారుచేసికొనునని 1976లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ముదిరిన కొమ్మలలో ఇదియు, దీని జాతిదే యైన వినిఫెరిన్‌యు కలవు. ఈ కొమ్మల నుండి తీసిన సారము ద్రాక్షకు వచ్చు బూజు తెగులు, బూడిద తెగులు కలిగించు జీవులపై పనిచేయునని 2013లో స్విట్జర్లాండు పరిశోధకులు వెల్లడించిరి. మన ద్రాక్ష తోటలలో ఏటా రెండు మారులు కత్తిరింపు జరుగును. ఆ పుల్లలు చాలవరకు వంటచెరకుగనో, చెత్తగనో పోవుచున్నవి.

మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమము ఉండగా క్రొత్త మందు ఏల యని అడుగవచ్చును. 1885లో ఫ్రాన్సున వెలుగులోనికి వచ్చిన ఆ మిశ్రమము నేటికిని రైతుకు అక్కరకు వచ్చుచున్నది. కాని అందలి రాగి నేలలో నశింపదు. ఏటేటికి పేరుకొని వానపాములకు హాని చేయును. అందుచేతనే యూరపు దేశముల కూటమి, హెక్టారుకు ఏడేండ్లలో 28 కిలోలకు మించి రాగి వాడరాదని 2018లో నిర్ణయించినది.

అయితే కొమ్మల సారమునకును లోపములు కలవు. అది నీటిలో సులభముగా కరుగదు, ఎండకు చెడును, వానకు కొట్టుకొనిపోవును. ఈ చిక్కులు తీరనిదే అది రాగికి బదులు నిలువజాలదు.

కావున పంచాయతీ సభ్యులు రైతులకు మూడు విషయములు తెలుపవలెను. పొట్టును, పుల్లలను ఇంట మరిగించి ఆ కషాయమును పైరుపై చల్లరాదు. మోతాదు తెలియని కషాయము ఆకును మాడ్చవచ్చును. బోర్డో మిశ్రమమును వ్యవసాయాధికారి చెప్పిన పాళ్లకు మించి వాడరాదు. తెగులు సోకిన కొమ్మలను, రాలిన ఆకులను తోటలో నిలువనీయరాదు. తెగులు లేని పుల్లలను మాత్రము ముక్కలు చేసి ఎరువు గుంతలో వేయుట మేలు. నేడు చెత్తగా తోచునది రేపు ముడిసరుకు కావచ్చును.