నాణెం మీద ముద్ర తప్పిందా? లక్షలు వస్తాయని ఫీజు కట్టే ముందు ఇది చూడండి

తుంగతుర్తిలో కిరాణా కొట్టు చిల్లరలో మీకో పది రూపాయల బిళ్ళ వచ్చిందనుకోండి. మధ్యలో ఉన్న తెల్ల బిళ్ళ కాస్త పక్కకు జరిగి ఉంది. ఫోన్‌లో వెతికితే 'ఇలాంటి నాణెం ఉంటే లక్షలు మీవే' అనే వీడియోలు వరుస కడతాయి. కింద వాట్సాప్ నంబర్. ఫోన్ చేస్తే అవతలి మనిషి బేరం కూడా ఆడడు. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, ఆ తర్వాత జీఎస్టీ కట్టమంటాడు. డబ్బులు పంపే ముందు ఆ బిళ్ళను ఓసారి వెలుతురులో పెట్టి చూడండి.

మొదట సంవత్సరం కింద చూడండి. ఐదు మూలల చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలలో తయారైంది. నిజాం కాలంలో 1903లో సైఫాబాద్‌లో మొదలైన ఈ టంకశాల 1997లో చర్లపల్లికి మారింది. డైమండ్ గుర్తు ముంబైది, చుక్క నోయిడాది. కోల్‌కతా నాణేలకు అసలు గుర్తే ఉండదు. 'గుర్తు లేని అరుదైన నాణెం' అని అమ్మేవాళ్లు ఈ సంగతి మాత్రం చెప్పరు.

తప్పు ఎక్కడ జరుగుతుంది?

లోహపు పట్టీ నుంచి గుండ్రటి బిళ్ళలు కత్తిరిస్తారు. వాటిని కాల్చి మెత్తబరిచి, అంచు లేపుతారు. తర్వాత కాలర్ అనే ఉక్కు వలయంలో కూర్చోబెట్టి, పైనొకటి, కిందొకటి ఉన్న రెండు అచ్చుల మధ్య ఒక్క దెబ్బతో నొక్కుతారు. బొమ్మా బొరుసూ ఒకేసారి పడతాయి. యంత్రం నిమిషానికి వందల దెబ్బలు వేస్తుంది కాబట్టి ఎక్కడో ఒకటి తప్పుతుంది. ఏరివేతలో దొరకనివే మన జేబుల్లోకి వస్తాయి.

పట్టీ సరిపడా ముందుకు జరగకపోతే, కత్తిరింపు పాత రంధ్రం మీద పడి బిళ్ళకు చంద్రవంకలా కొరుకుడు వస్తుంది. బిళ్ళ కాలర్‌లో సరిగ్గా కూర్చోకపోతే ముద్ర ఓ పక్కకు పడుతుంది, మిగతా భాగం నున్నగా మిగులుతుంది. అచ్చులో గ్రీజు, మురికి చేరితే అక్షరాలు ఎగిరిపోతాయి. అన్నిటికన్నా చిత్రమైనది ఇంకోటుంది. ముద్ర పడిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద ఆ వైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి గుంటగా పడుతుంది.

పది రూపాయల బిళ్ళలో రింగు, మధ్య బిళ్ళ వేర్వేరు లోహాలు. ముద్ర దెబ్బకే రెండూ బిగుసుకుంటాయి. రింగుకు రంధ్రం పక్కగా పడి ఉంటే మధ్య బిళ్ళ జరిగినట్టు కనిపిస్తుంది కానీ, బొమ్మ నాణేనికి నడిమధ్యనే ఉంటుంది. తర్వాత ఎవరో ఊడగొట్టి పెట్టినదైతే బొమ్మ వంకర తిరుగుతుంది, అతుకు చుట్టూ గాట్లు కనిపిస్తాయి.

నిజమైనదేనా?

గోటితో తడమండి. అచ్చుకు పగులు వస్తే లోహం ఆ పగుల్లోకి ఎక్కుతుంది కాబట్టి నాణెం మీద గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. గీత లోపలికి ఉంటే అది బయట పడిన గీరే. కొరుకుడు ఉన్న నాణేనికి సరిగ్గా ఎదుటి అంచు కూడా చాలాసార్లు పలచబడి ఉంటుంది. ఆకురాయితో కోసినదానికి అలా రాదు. ఇక 'రెండు వైపులా బొమ్మే' ఉన్నవి దాదాపు అన్నీ రెండు నాణేలు చెక్కి అతికించినవే. అంచు లోపల సన్నని అతుకు కోసం వెతకండి.

అన్ని పరీక్షలూ నెగ్గితే? నాణేలు సేకరించేవాళ్లు ముఖ విలువ కన్నా ఎక్కువే ఇస్తారు. ఎంతన్నది తప్పు ఎంత పెద్దదో, నాణెం ఎలా ఉందో చూసి చెబుతారు, అదీ చేతిలోకి తీసుకుని చూశాకే. ఫొటో చూసి లక్షలు చెప్పేవాడి లెక్క నాణెం మీద కాదు, మీ ఫీజు మీద. వైష్ణోదేవి బొమ్మ ఉన్న 5, 10 రూపాయల బిళ్ళలకూ ఇదే ప్రచారం జరిగింది. అవి పొరపాటున వచ్చినవి కావు, ప్రభుత్వమే విడుదల చేసిన స్మారక నాణేలు.

తన పేరు, లోగో వాడుకుని పాత నోట్లు, నాణేల కొనుగోళ్లలో కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులో హెచ్చరించింది. తాము అలాంటి వ్యాపారం చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని స్పష్టంగా చెప్పింది.

అమ్మే ఉద్దేశం లేక ఖర్చు పెట్టుకుందామంటే దుకాణదారు 'ఇది చెల్లదు' అనవచ్చు. పది రూపాయల బిళ్ళ 14 రకాల డిజైన్లలో వచ్చింది, అన్నీ చెల్లుతాయని రిజర్వ్ బ్యాంక్ 2018 జనవరిలోనే ప్రకటించింది. దాని గురించి వినిపించేందుకు 14440 అనే టోల్‌ఫ్రీ నంబర్ కూడా పెట్టింది. స్పీకర్ ఆన్ చేసి వినిపించండి. అప్పటికీ తీసుకోకపోతే దగ్గర్లోని బ్యాంకు శాఖలో ఇచ్చి మార్చుకోండి.

ఇప్పటికే ఫీజు పంపేశారా? ఇంకో రూపాయి కూడా కట్టకుండా, వెంటనే 1930 సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. లావాదేవీ నంబర్, చాట్ స్క్రీన్‌షాట్లు చేతిలో ఉంచుకోండి. నాణేన్ని మాత్రం తోమకండి. నిజమైనదే అయితే ఉన్న విలువ కూడా పోతుంది.