ఇరవై సెకన్ల మంట

గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అనడం మనకు అలవాటైన మాట. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని డీఆర్‌డీవో క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్ శాస్త్రజ్ఞుల దీపం చుట్టూ వీచే గాలి వేగం సెకనుకు ఒకటిన్నర కిలోమీటర్ల పైమాటే. అందులో మంట ఆరకుండా ఉంటేనే స్క్రామ్‌జెట్ ఇంజన్ పనిచేస్తుంది.

రాకెట్ తనకు కావలసిన ఆక్సిజన్‌ను వెంట మోసుకుపోతుంది. స్క్రామ్‌జెట్ దాన్ని దారిలోని గాలి నుంచే తీసుకుంటుంది. లోపల తిరిగే రెక్కలేమీ ఉండవు. ముందుకు దూసుకుపోయే వేగమే గాలిని నొక్కి లోపలికి నెడుతుంది. ఆ గాలిని బాగా నెమ్మదింపజేస్తే విపరీతంగా వేడెక్కి, ఇంధనం మండినా ఫలం దక్కదు. కనుక ధ్వనిని మించిన వేగంతోనే అది ఇంజన్ గుండా సాగిపోవాలి. ఇంధనం అందులో కలిసి, అంటుకుని, మండడానికి దొరికే వ్యవధి సుమారు సెకనులో వెయ్యో వంతు.

నిలబడిన చోటు నుంచి ఈ ఇంజన్ మొదలుకాలేదు. అందుకే మన ప్రయోగ వాహనం హెచ్‌ఎస్‌టీడీవీని అగ్ని క్షిపణి రాకెట్ మోటారు పైకి మోసుకెళ్లింది. తొలి ప్రయోగం 2019 జూన్ 12న జరిగినా, స్క్రామ్‌జెట్ విజయం కోసం 2020 సెప్టెంబరు 7 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు ఉదయం 11.03కి ఒడిశా తీరంలోని అబ్దుల్ కలాం ద్వీపం నుంచి లేచి, 30 కిలోమీటర్ల ఎత్తున రాకెట్‌ను వదిలించుకుంది. గాలి ద్వారం తెరుచుకుంది, మంట అంటుకుంది. ధ్వనికి ఆరు రెట్ల వేగంతో, సెకనుకు దాదాపు రెండు కిలోమీటర్ల చొప్పున, ఇరవై సెకన్లకు పైగా సాగింది. ఆ కాసేపట్లో ఇంజన్‌లోని గాలి వేలసార్లు మారిపోయింది, మంట మాత్రం నిలిచింది. నా లెక్కలో ఈ కథలో అసలైన గెలుపు ఇదే.

అయితే ఇరవై సెకన్లలో అది పోయిన దూరం సుమారు నలభై కిలోమీటర్లు. 2024 నవంబరు 16న పరీక్షించిన ఒక హైపర్‌సోనిక్ క్షిపణిని 1500 కిలోమీటర్లకు పైబడిన దూరానికి రూపొందించామని డీఆర్‌డీవో ప్రకటించింది. అంత దూరాన్ని ఇదే వేగంతో స్క్రామ్‌జెట్ మీద దాటాలంటే మంట పన్నెండు నిమిషాలకు పైగా నిలవాలి. వేగం ఒక్కటే గొప్పయితే బాలిస్టిక్ క్షిపణులు ఎప్పుడో దాన్ని అందుకున్నాయి. స్క్రామ్‌జెట్ క్షిపణి మాత్రం వాతావరణంలోనే తక్కువ ఎత్తున పోతూ దారి మార్చుకోగలదు, శత్రువు రాడార్‌కు ఆలస్యంగా కనబడుతుంది.

కానీ పన్నెండు నిమిషాల మంటకు ఇంజన్ గోడలే కరిగిపోతాయి. దీనికి విరుగుడు ఇంధనంలోనే దొరికింది. మండే ముందు దాన్ని గోడల్లోని సన్నని దారుల గుండా పంపిస్తారు. అది వేడిని పీల్చుకుని చిన్న అణువులుగా విడిపోతుంది, గోడ చల్లబడుతుంది, ఇంధనం తేలిగ్గా అంటుకుంటుంది. గోడలకు సిరామిక్ పూత కూడా వేశారు. ఈ పద్ధతిలో 2025 జనవరిలో నేల మీద 120 సెకన్లు, అదే ఏడాది ఏప్రిల్ 25న హైదరాబాద్‌లో చిన్న నమూనా మీద వెయ్యి సెకన్లకు పైగా మండించారు.

ఇకమీదట హైపర్‌సోనిక్ క్షిపణి వార్త కనబడితే ధ్వనికి ఎన్ని రెట్ల వేగమో చెప్పే మాక్ సంఖ్య దగ్గరే ఆగకండి. మంట ఎన్ని సెకన్లు నిలిచిందో, నేల మీదా ఆకాశంలోనా అన్నది కూడా చూడండి.