జపాన్‌లో ఎవరూ చెప్పరు, చూసి తెలుసుకోవాలి

చదువు కోసమో, ఉద్యోగం కోసమో, నాలుగు రోజులు తిరిగొద్దామనో జపాన్ వెళ్లేవాళ్లను ఇబ్బంది పెట్టేది భాష ఒక్కటే కాదు. అక్కడ పొరపాటు చేసినా చాలామంది ముఖం మీద చెప్పరు, నవ్వి ఊరుకుంటారు. అడిగిన పని కుదరకపోతే ‘చొట్టో...’ అని నసుగుతారు. ‘కాస్త...’ అని దానర్థం. మాట అక్కడితో ఆగిందంటే కాదన్నట్టే. పక్కవాళ్లకు ఇబ్బంది కలిగించడాన్ని ‘మేవాకు’ అంటారు. అది చేయకూడదన్న పట్టింపు నుంచే అక్కడి మర్యాదలు చాలావరకు పుట్టాయి.

రైల్లో జనం కిక్కిరిసి ఉన్నా ఫోన్ మోగదు. కాల్ వస్తే దిగాక మాట్లాడతారు. వీధుల్లో చెత్తబుట్టలు అరుదు. 1995లో టోక్యో మెట్రోలో సారిన్ విషవాయువు దాడి జరిగాక చాలాచోట్ల తీసేశారు. అందుకే ఎవరి చెత్త వాళ్లే ఇంటికి మోసుకెళ్తారు. ఇంటి దగ్గర కాలేది, కాలనిది, సీసాలు వేరుచేసి, చెప్పిన రోజునే బయట పెట్టాలి. తేడా వస్తే సంచికి చీటీ అంటించి అక్కడే వదిలేస్తారు. అద్దెకుండేవాళ్లు ఇరుగుపొరుగుతో మంచిగా ఉండాలంటే ముందు నేర్చుకోవాల్సింది ఇదే.

గుమ్మం దగ్గర చెప్పులు విడవడం మనకేం కొత్త కాదు. అక్కడ విడిచాక వాటి మొనలు తలుపు వైపు తిప్పి పెడతారు. లోపల స్లిప్పర్లు, తతామీ చాపలు పరిచిన గదిలో అవి కూడా విప్పేయాలి. మరుగుదొడ్డికి వేరే జత ఉంటుంది. దానితోనే హాల్లోకి వచ్చేసి నవ్వులపాలయ్యే కొత్తవాళ్లు ఎందరో!

తినేముందు ‘ఇతదాకిమాస్’ అంటారు, అంటే వినయంగా స్వీకరిస్తున్నాం అని. నూడుల్స్ చప్పుడు చేస్తూ జుర్రినా తప్పులేదు. కానీ తినే పుల్లలను అన్నంలో నిలువుగా గుచ్చకూడదు. చనిపోయినవాళ్లకు పెట్టే అన్నంలోనే అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలకు ముక్క అందించడం కూడా కూడదు. దహనం తర్వాత ఎముకలను అలా అందుకుంటారు మరి.

అసలు జాగ్రత్త హలాల్ విషయంలో కావాలి. కూరగాయల వంటకమే కదా అనుకున్నదాంట్లోనూ మిరిన్ అనే తీపి బియ్యపు మద్యం ఉండొచ్చు. రామెన్ పులుసు చాలాచోట్ల పంది ఎముకలతో కాస్తారు. కొన్ని సోయా సాస్‌లలో ఆల్కహాల్ కలుపుతారు. ‘బుత’ అంటే పంది, ‘సాకే’ అంటే మద్యం. ఈ రెండు మాటలు నేర్చుకుని ఆర్డర్ ఇవ్వకముందే అడగడం మంచిది. వడ్డించాక పళ్లెం పక్కకు నెడితే వండినవాళ్లు నొచ్చుకుంటారు.

నమాజుకు కోబేలో 1935 నాటి మస్జిద్ ఉంది. టోక్యోలోని ఇప్పటి పెద్ద మస్జిద్‌ను 2000లో తెరిచారు. పెద్ద విమానాశ్రయాల్లో ప్రార్థన గదులున్నాయి. చిక్కల్లా బయట వుజూతోనే. అందరూ వాడే సింకులో కాళ్లు కడిగితే నేలంతా తడుస్తుంది. ఎవరూ నోరెత్తి అనరు గానీ, అది మేవాకే. హోటల్ గదిలోనే వుజూ చేసుకుని బయల్దేరితే ఈ తిప్పలుండవు.

ఒన్సెన్ అనే వేడినీటి స్నానశాలల్లో ఆడవాళ్లకు, మగవాళ్లకు వేర్వేరు చోట్లు ఉన్నా, లోపల ఒంటిమీద బట్ట లేకుండా నలుగురి మధ్య స్నానం చేయాలి. పరదా కావాలనుకునే కుటుంబాలు ‘కాషికిరి’ ఉందా అని అడగాలి. అది ఉన్నచోట కొంత సమయానికి విడిగా స్నానపు గది అద్దెకిస్తారు.