పీష్వా కొలువునుంచి అబూజ్‌మాడ్ అడవికి

మల్లుడంటే కుస్తీ యోధుడు. ఖంబ్ అంటే మన కంబమే. అనువాదకునికి ఇంత సులువైన మాట అరుదుగా దొరుకుతుంది. ఆముదం పూసిన నున్నని కొయ్యస్తంభాన్ని కాళ్లతో, తొడలతో బిగించి పట్టి, తలక్రిందులుగా వ్రేలాడుతూ ఆసనాలు వేయడమే మల్లఖంబం. ప్రతిమల్లుడు లేనినాడు యోధునికి ఆ స్తంభమే ప్రత్యర్థి. దానికి అలసట అన్నది లేదు.

మరుగునపడిన ఈ విద్యకు పందొమ్మిదవ శతాబ్ది ఆరంభంలో మళ్లీ ప్రాణం పోసినవాడు, రెండవ బాజీరావు పీష్వా గురువు బాలంభట్ దాదా దేవధర్. ఆయన శిష్యపరంపర దీనిని మహారాష్ట్ర వ్యాయామశాలలన్నింటా వ్యాపింపజేసింది. 1936లో విదర్భలోని అమరావతి యువకులు బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా దీనిని ప్రదర్శించారు.

ఆ విద్య బస్తరు అడవులకు చేరిన తీరే విచిత్రం. మాడియా గోండుల నెలవైన అబూజ్‌మాడ్, చిరకాలం భూమి కొలతలకైనా నోచుకోని కొండసీమ. మావోయిస్టులకూ పోలీసులకూ మధ్య దశాబ్దాలపాటు నలిగిన నేల. ఆ సీమకు వాకిలివంటి నారాయణపూర్‌లో పిల్లలను చేరదీసి ఈ విద్య నేర్పినవాడు ప్రత్యేక కార్యదళానికి చెందిన పోలీసు మనోజ్ ప్రసాద్. ఖాకీ బట్ట భయానికి గుర్తయిన చోట, తల్లిదండ్రులు తమ బిడ్డలను ఒక పోలీసు చేతిలో పెట్టారు! నా మట్టుకు పతకాలకన్నా ఇదే గొప్ప విషయంగా తోస్తుంది.

2023 నవంబరులో ఆ పిల్లల బృందం ‘ఇండియాస్ గాట్ టాలెంట్’ టెలివిజన్ పోటీలో ప్రథమ స్థానం గెలుచుకొన్నది. ఆనాడు వారిని చూచి చప్పట్లు చరిచినవారిలో, అబూజ్‌మాడ్ పేరును అంతకుముందు కాల్పుల వార్తలలో తప్ప వినని వారే ఎక్కువమంది అయి ఉంటారు.