కల్తీ కల్లు... ఉన్నట్టుండి మానినా ముప్పే!

కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన పెద్దాయన రెండో రోజు గోడతో మాట్లాడుతుంటే ఇంట్లోవాళ్లు గాలి సోకిందేమో అనుకుంటారు. నిజామాబాద్‌, బోధన్‌ వైపు మేం ముందుగా అడిగేది, ‘కల్లు అలవాటుందా?’ అని.

తాజా కల్లులో ఉండేది కొద్దిపాటి ఆల్కహాలే. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్‌ హైడ్రేట్‌ వంటి మత్తుమందులు కలుపుతారు. ఇవి మెదడులో ‘గాబా’ రసాయనం పనిని పెంచి, నాడుల వేగానికి బ్రేకు వేస్తాయి. రోజూ తాగితే మెదడు ఆ బ్రేకుకు అలవాటు పడుతుంది. ఒక్కసారిగా ఆపితే అదుపు తప్పుతుంది. 2015లో కల్తీకి అడ్డుకట్ట పడినప్పుడు తెలంగాణ ఆసుపత్రులకు వందల మంది ఇలాగే వచ్చారు.

లక్షణాలు

నిద్ర పట్టకపోవటం, వణుకు, చెమటలు, లేనివి కనిపించటం, ఫిట్స్‌. సాధారణంగా ఒకట్రెండు రోజుల్లో మొదలవుతాయి. డయాజెపాం అయితే వారం దాకా పట్టొచ్చు.

ఏం చేయాలి?

* ఫిట్స్‌ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు. 108కి ఫోన్‌ చేయండి.
* సొంతంగా నిద్రమాత్రలు వేయొద్దు. కల్లుకు తోడైతే శ్వాస మందగించి ప్రాణం మీదికి రావొచ్చు.
* ఏ జబ్బుతో ఆసుపత్రిలో చేరినా కల్లు అలవాటును డాక్టరుకు, నర్సుకు చెప్పండి. పరువు పోతుందని దాచొద్దు.
* బలవంతంగా ఒక్కరోజులో మాన్పించొద్దు. డాక్టరు పర్యవేక్షణలో మందులు వాడుతూ, మోతాదు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. సలహాకు టెలీ మానస్‌ 14416కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు.