శరీరం చెప్పని పాఠం

మేకు కొడుతుంటే సుత్తి జారి వేలి మీద పడిందనుకోండి. వెంటనే "అమ్మా!" అంటారు. మరుసటిసారి సుత్తిని జాగ్రత్తగా పట్టుకుంటారు. కాలే పెనాన్ని ముట్టుకున్న పిల్లవాడు మళ్ళీ దాని జోలికి పోడు. ఇలా తప్పు చేసిన మరుక్షణమే శరీరం మనకు పాఠం చెబుతుంది. కాని శరీరం హెచ్చరించని అపాయాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి రాతినార, అంటే ఆస్బెస్టాస్.

రాతినార ఒక ఖనిజం. రాయే అయినా పత్తిలా పోగులుగా విడిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి. ఇది నిప్పులో కాలదు. సిమెంటులో కలిపితే రేకుకు బలాన్నిస్తుంది. అందుకే ఇరవయ్యో శతాబ్దంలో దీన్ని ఇంటి కప్పులకు, ఆవిరి గొట్టాల తొడుగులకు, బ్రేకులకు విరివిగా వాడారు.

మరి అపాయం ఎక్కడుంది? రాతినార ఉన్న వస్తువును కోసినా, తొలిచినా, విరగ్గొట్టినా అతి సన్నని పోగులు గాలిలోకి లేస్తాయి. అవి కంటికి కనబడవు, వాసన ఉండదు, నొప్పీ పుట్టదు. ఊపిరితో లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి. అక్కడి రక్షక కణాలు వాటిని మింగబోతాయి. కాని పొడవాటి పోగులు వాటికి మింగుడుపడవు. ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, కేన్సరు వంటి వ్యాధులు సాధారణంగా 20, 30, 40 ఏళ్ళ తరువాత గాని బయటపడవు. అప్పటికి జాగ్రత్తపడి లాభమేముంది?

ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణంలో రాతినార వడికే నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 1924లో మరణించింది. ఆమె ఊపిరితిత్తులను పరీక్షించిన డాక్టర్ కుక్ 1927లో ఆ జబ్బును ఆస్బెస్టోసిస్ అని పిలిచాడు. బ్రిటన్ 1985లో నీలి, గోధుమరంగు రాతినారలను, 1999లో తెల్ల రాతినారను నిషేధించింది. అయినా పాత కట్టడాల గోడల్లో, కప్పుల్లో అది ఇంకా దాగి ఉంది. అందుకని అక్కడి ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వడ్రంగులు మొదలైన వారికి దీని గురించి శిక్షణ ఇవ్వాలని 2012 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ పాఠాలను చాలామంది ఇప్పుడు కంప్యూటరు ముందు కూర్చుని ఆన్‌లైన్లో నేర్చుకుంటున్నారు.

పాఠం ముగిశాక "ఎలా ఉంది?" అని అభిప్రాయం అడగడం మామూలే. "బాగుంది, తేలికగా అర్థమయింది" అని రాస్తే చాలునా? చాలదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. "రేపు నువ్వు గోడ తొలుస్తుండగా లోపల నారలాంటి పొర కనిపిస్తే ఏం చేస్తావు?" అని అడగాలి. "జాగ్రత్తగా ఊడదీస్తాను" అని జవాబు వస్తే, పాఠం వికటించిందన్నమాట! ఈ శిక్షణ రాతినారను తొలగించడానికి కాదు, దాని జోలికి పోకుండా ఉండడానికి. "పని ఆపేస్తాను, ఎవరినీ దగ్గరకు రానివ్వను, పై అధికారికి చెబుతాను" అన్నదే సరైన జవాబు. అది రాతినార అవునో కాదో కంటితో చూసి తేల్చలేం. ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో చూడవలసిందే.

మన దేశంలో తెల్ల రాతినార కలిపిన సిమెంటు రేకులు ఇంకా వాడుకలో ఉన్నాయి. రాతినారతో పనిచేసే వారి ఆరోగ్య వివరాలను కనీసం 40 ఏళ్ళపాటు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అన్నేళ్ళు ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

చెక్కుచెదరని రేకు కింద కూర్చున్నంత మాత్రాన భయపడనక్కరలేదు. కాని దాన్ని రంపంతో కోయకూడదు. రాలిన పొడిని చీపురుతో ఊడ్చకూడదు, ఊడిస్తే పోగులు మళ్ళీ గాలిలోకి లేస్తాయి. ఈ సంగతి మీ ఇంట్లో, మీ వీధిలో రేకులు వేసేవారికి కూడా చెప్పండి.

ఈ వ్యాసం ఎలా ఉందని మేము మిమ్మల్ని అడగం. బడి వెనక విరిగిన రేకు ముక్కలతో మీ తమ్ముడు ఆడుకుంటున్నాడనుకోండి. మీరేం చేస్తారు?