పరదేశమున నొక విద్యాకాలము

ఆడుబిడ్డ చదువునకై పట్టణమునకు వెళ్లుటయే గొప్పయని తలచిన దినములు గడచిపోయినవి. నేడు కోనసీమలో ఏ యూరికి పోయినను పెండ్లియై అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళ్లిన కూతురు గల యిల్లు కానవచ్చును. రెండేండ్ల పట్టమునకై వెళ్లిన కొడుకు గల యిల్లును కానవచ్చును. వీనికి భిన్నమైన మూడవ తెరగు ప్రయాణ మొకటి యిప్పుడు మన గడపలకు వచ్చియున్నది. ఇక్కడి కళాశాలలో చదువుచున్న బాలిక నడుమ నొక సెమిస్టరు, అనగా నాలుగైదు మాసములు, పరదేశపు విశ్వవిద్యాలయమున చదివి, మరల వచ్చి యిక్కడనే పట్టము పుచ్చుకొనుట. ఇందు పోవుట యెంత నిశ్చయమో తిరిగివచ్చుటయు నంత నిశ్చయము. దీనిని గూర్చి తల్లులు తెలిసికొనవలసిన సంగతులు కొన్ని కలవు గనుక వ్రాయుచున్నాము.

విద్యకై పరదేశమున కేగుట మనకు క్రొత్తది కాదు. భారతమున కచుని కథ యెరుగని వారెవరు? మృతసంజీవని దేవతలకు లేదు, రాక్షసుల గురువగు శుక్రునకు కలదు. కావున దేవతలు బృహస్పతి కుమారుని పరుల దేశమునకు పంపిరి. అతడు గురుశుశ్రూష చేసెను. పగవారిచేత పలుమారులు చంపబడెను. విద్య సాధించి తన వారికడకు మరలెను. అన్యదేశమున నున్న విద్యార్థికి గల భయములన్నియు నా కథలోనే కలవు: ఒంటరితనము, పరుల యనుమానము, అచటనే కట్టివేయజూచు పాశము. ఐనను పంపుట మానుడని పెద్దలు చెప్పలేదు. పరులకడ మంచివిద్య యున్నచో పోయి నేర్చికొనవలెననియే ఆ కథ తాత్పర్యము.

కచుడు వేయేండ్లుండెను. కొన్ని మాసముల చదువున కైనచో చరిత్రలోనే నిదర్శనము గలదు. అదియు మన యాంధ్రదేశమున జరిగినది. క్రీస్తుశకము 7వ శతాబ్దమున చీనాదేశపు యాత్రికుడగు హ్యుయెన్‌త్సాంగు కృష్ణాతీరపు ధాన్యకటక దేశమునకు వచ్చి, అచటి యిరువురు భిక్షువులకడ కొన్ని మాసములు నిలిచి అభిధర్మ గ్రంథములు చదివెను. ఆ భిక్షువులును అతనికడ తమకు రాని శాస్త్రములు చదువుకొనిరి. వచ్చినవాడు శిష్యుడును గురువును ఆయెను, ఉన్నవారును అట్లే. నేడు విశ్వవిద్యాలయములు విద్యార్థులను మార్చుకొను పద్ధతికి ఇంతకంటె చక్కని ఉపమానము వేరొకటి మాకు తోచలేదు.

ఇక తిరిగిరాని ప్రయాణమునకు ఖరీదెవరు చెల్లింతురో యెరుగవలెనన్న యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితమును తలచుకొనవలెను. ఆయన 1895లో భీమవరమున జన్మించిరి. వైద్యము చదివి, మామగారు కూర్చిన ధనముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను 1920 తరువాతి తొలి సంవత్సరములలో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమునకు వెళ్లిరి. జరుగుబాటునకై ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుల పని చేసిరి. 1948లో అచటనే కన్నుమూసిరి; జన్మభూమిని మరల చూడలేదు. భార్య శేషగిరమ్మగారు ఇచటనే యుండిపోయిరి. గర్భిణులకు నేడు ఊరూర నిచ్చు ఫోలిక్ ఆమ్లపు మాత్ర ఆయన నడపిన పరిశోధనల ఫలము. మన గోదావరి మండలములను చిరకాలము పీడించిన బోదకాలు జబ్బునకు ఇంటింట మ్రింగించు డి.ఇ.సి. మాత్రయు 1947లో ఆయన పరిశోధనాలయమునుండి వెలువడినదే. సాధించిన విద్య నీకు ఫలింపకుండుగాక యని దేవయాని శపింపగా, నాకు ఫలింపకున్నను నేను నేర్పినవారికి ఫలించునని కచుడు బదులు చెప్పెను. సుబ్బారావుగారి విద్య లోకమునకు ఫలించెను. ఆయన యింటికి మాత్రము వియోగమే మిగిలెను. ఆ మాత్ర మ్రింగునపుడు ఆయనతోబాటు శేషగిరమ్మగారికి గూడ మనమొక నమస్కార మొనర్పవలెనని మా మనవి.

ఆ కాలమున ఓడపై పోయినవానికి ఉత్తరము చేరుటకే వారములు పట్టెను. నేటి సెమిస్టరు చదువు అట్టిది కాదు. అయినను తల్లుల భయము తీరలేదు. మా అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారము చేయువారి యింటి యిల్లాలొకామె, కుమార్తెకు కళాశాలనుండి వచ్చిన కాగితము చేతబట్టుకొని మాకడకు వచ్చి యిట్లడిగెను: “అమ్మగారండీ, మావాళ్లల్లో ఆడపిల్లెవరూ ఇలా వెళ్లలేదండి. ఏడాది పోతుందేమో, డబ్బు నీళ్లపాలవుతుందేమో, రేపు సంబంధం చెడుతుందేమో! మీరేమంటారండి?” ఈ మూడు ప్రశ్నలును ఆమెవే కావు. కావున మేము చెప్పిన సమాధానమును ఇచట అందరికొరకు వ్రాయుచున్నాము.

మొదటిది, ఏడాది పోవునా యనుట. పోవుటయు పోకుండుటయు క్రెడిట్లపై నాధారపడియున్నది. యూరపు విశ్వవిద్యాలయములలో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టరునకు 30. ఒక్కొక్క క్రెడిట్టునకు 25 మొదలు 30 గంటల శ్రమ యని లెక్క. 1987లో యూరపుఖండమున ఎరాస్మస్ అను పేర మొదలైన విద్యార్థుల మార్పిడి యీ లెక్కవలననే సుగమముగా సాగుచున్నది. మన దేశమునను యూజీసీవారు 2022లో నియమములు చేసిరి. వాని ప్రకారము ట్విన్నింగు అను నేర్పాటులో విదేశమున సంపాదించు క్రెడిట్లు మొత్తములో నూటికి 30 మించరాదు. పట్టము మన విద్యాలయమే యిచ్చును. కావున తల్లి యడుగవలసినది ఇది: బాలిక అచట చదువబోవు పాఠములేవి? ఇచటి యే పాఠములకు బదులుగా వానిని లెక్కించెదరు? ఈ రెండును ప్రయాణమునకు ముందే కాగితముపై వ్రాసి రెండు విద్యాలయములవారును విద్యార్థినియు సంతకములు చేయవలెను. నోటిమాటను నమ్మి పంపినచో ఏడాది పోయినను పోవచ్చును. సంతకమున్నచో ఆ భయము చాలవరకు తీరును.

రెండవది ధనము. ఇందు రెండు తెరగులు గలవు. రెండు విద్యాలయములకు మార్పిడి యొడంబడిక యున్నచో, సాధారణముగా విద్యార్థిని తన కళాశాలకే జీతము కట్టును. అచట మరల కట్టనక్కరలేదు. ఒడంబడిక లేక అతిథివిద్యార్థినిగా పోయినచో అచటి జీతమంతయు మోయవలెను. అది మిక్కిలి బరువు. ఏ తెరగైనను విమానపు ఖర్చు, ఇంటియద్దె, భోజనము, ఆరోగ్య భీమా, వీసా రుసుములు తప్పవు. యూరపులో పెక్కుదేశములలో 90 దినములకు మించి యుండవలెనన్న సందర్శకుల వీసా చాలదు, ఆ దేశపు దీర్ఘకాల వీసా కావలెను. కావున ఏర్పాట్లు కొన్ని నెలల ముందే మొదలిడవలెను. నడుమ దళారులు వచ్చి, అన్నియు మేమే చూచెదమని రొక్కమడిగినచో, విద్యాలయము స్వయముగా వ్రాసిన ఉత్తరము చూపుడని యడుగుడు. విద్యార్థివేతనము దొరకునా యని ముందుగా విచారింపుడు. దొరకక, కొబ్బరితోట తాకట్టు పెట్టవలసిన గతియే యైనచో, నాలుగు మాసముల చదువునకై అంత పని వలదనియే మా అభిప్రాయము. ఆ ధనముతో ఇచటనే ఉన్నతవిద్య చెప్పింపవచ్చును.

మూడవది సంబంధము. హైదరాబాదున 1879లో జన్మించిన సరోజినీదేవి గారు పదునారేండ్ల ప్రాయమున, 1895లో, నిజాముగారి విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు వెళ్లి లండనులోను కేంబ్రిడ్జిలోను చదివిరి. పట్టము పుచ్చుకొనకయే 1898లో మరలివచ్చి, ఆ యేడే డాక్టరు గోవిందరాజులు నాయుడుగారిని, కులాంతరమైనను, పెద్దల యంగీకారముతో వివాహమాడిరి. ఇంగ్లీషువారి పూలను పక్షులను వర్ణించుట మాని నీ దేశమును వర్ణింపుమని అచటి విమర్శకుడొకడు ఆమెకు హితవు చెప్పెను. ఆమె దేశాంతరమున నేర్చినది స్వదేశమును చూచు చూపు. నూటయిరువదియేండ్లకు పైబడిన నాటి సంగతి యిది. నేడు నాలుగు మాసములు చదివివచ్చిన పిల్లను తప్పుపట్టు సంబంధము, ఆ పిల్లకు తగిన సంబంధము కాదని ధైర్యముగా చెప్పుచున్నాము.

మరొక మాట చెప్పక తప్పదు. మన కోనసీమ గ్రామములనుండి ఎందరు స్త్రీలు కువైట్టునకు, దుబాయికి, మస్కట్టునకు పరుల యిండ్ల పనికై వెళ్లుటలేదు? చంటిబిడ్డలను తల్లులకప్పగించి, ఏండ్లకేండ్లు అచటనుండి, యింటికి రొక్కము పంపువారిని మనమెరుగుదుము. వారు కడలి దాటునపుడు సంబంధమును గూర్చియు మర్యాదను గూర్చియు ఇంత చర్చ చేసినవారు లేరు. బ్రతుకుకై దాటవచ్చును గాని విద్యకై దాటరాదను న్యాయమెక్కడిది?

ఇంతకును నాలుగు మాసములలో ఏమి వచ్చునని కొందరు హేళన చేయుదురు. మా కొబ్బరితోటలనే చూడుడు. ఆకుల అడుగున తెల్లని చుట్టలు చుట్టలుగా గ్రుడ్లుపెట్టి, క్రింది యాకులపై మసి పట్టించు తెల్లదోమ మన దేశపుది కాదు. మధ్య అమెరికాలోని బెలీజు దేశమున దొరకిన దానిని బట్టి 2004లో శాస్త్రజ్ఞులు దానికి పేరిడిరి. 2009లో అమెరికాలోని ఫ్లారిడాలోను, 2016లో తమిళదేశమున పొల్లాచ్చిలోను కానవచ్చెను. ఆ పిమ్మట మన తోటలకును వచ్చెను. మా యూరి ఉద్యాన పరిశోధనాస్థానము వారు దాని శత్రువులగు పురుగులను శిలీంధ్రమును పెంచి రైతులకు తోడ్పడుచున్నారు. పురుగు అడుగకయే దేశములు దాటి వచ్చినది. దానిని మనకంటె ముందు ఎరిగినవారి ప్రయోగశాలలో మన రైతుబిడ్డ నాలుగు మాసములు నిలిచి చూచివచ్చుట తప్పా? పట్టమంతయు అచట చదువనక్కరలేదు. ఏమి చూడవలెనో ముందుగా నిశ్చయించుకొని పోయినచో నాలుగు మాసములే చాలును. నిశ్చయింపక పోయినచో నాలుగేండ్లును చాలవు.

పంపదలచిన తల్లులకు కొన్ని సూచనలు. అన్నము, పప్పు, చారు, ఒక కూర వండుట ముందే నేర్పుడు. అచట వంటకు మించిన ఆదా లేదు. పచ్చళ్లు, కొబ్బరిలౌజు, పూతరేకులు కట్టియిచ్చునపుడు ఆ దేశపు నిబంధన లెరుగుడు. ఆస్ట్రేలియాలో తినుబండారములను దిగినతోడనే అధికారులకు చెప్పవలెను, దాచినచో జరిమానా వేయుదురు. నిత్యము వాడు మందులకు వైద్యుని చీటి వెంట నుండవలెను. గడియారపు తేడా వ్రాసిపెట్టుకొనుడు: జర్మనీ మనకంటె చలికాలమున నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక, న్యూయార్కు పదిన్నర, తొమ్మిదిన్నర గంటలు వెనుక. మనకు తెల్లవారినదని పిల్లను నడిరేయి లేపకుడు. ప్రతిదినము గంటలకొలది ఫోనులో మాటాడుటయు మేలు కాదు. శరీర మచట, మనస్సిచట నున్నచో చదువు రెంటికిని దూరమగును. వారమునకు రెండుమారులు మాటాడి, నడుమ ఒక ఉత్తరము తెలుగున వ్రాయుమనుడు.

తిరిగివచ్చిన బిడ్డను చూచుటకు చుట్టపక్కాలు వచ్చి, ఏమి తెచ్చితివని యడుగుదురు. ఏమి నేర్చితివని యడుగువారు ఇంట నొక్కరైన నుండవలెను. ఆ ప్రశ్న తల్లినుండియే రావలెను. ఆమె చెప్పునది శ్రద్ధగా వినుడు. దినములు గడచినకొలది అచటిది గొప్ప, ఇచటిది కొద్దియను మాట ఆమె నోట వచ్చినచో తొందరపడి గద్దింపకుడు. రెంటిని చూచినది గనుక కొన్నాళ్లకు తూచి చెప్పగలదు.

మాకడకు వచ్చిన యిల్లాలు ఒడంబడిక కాగితమునకై కళాశాలకు వ్రాయించినది. సంతకములు వచ్చినచో పంపుదుమనియు, రానిచో మానుదుమనియు భర్తతో చెప్పినదట. భయపడి మానుటయు, మోజుపడి పంపుటయు గాక, విచారించి నిర్ణయించుటయే గృహిణి ధర్మమని మేము నమ్ముచున్నాము. కూతురి విద్యను గూర్చిన కాగితములను తల్లులు తామే చదివి, తామే ప్రశ్నించి, తామే తేల్చుకొను దినములు మన సీమలోని ప్రతి యింటికిని వచ్చుగాక యని కోరుచున్నాము.